ఎదుర్లంక నుంచి సభాపతి పీఠం దాకా: బాలయోగి ఎన్నికల ప్రస్థానం

రాజకీయ నాయకుల చరిత్ర మన భాషలో సాధారణంగా రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి, జయంతికీ వర్ధంతికీ పత్రికల్లో వచ్చే నివాళి వ్యాసం. రెండవది, ఎన్నికల వేళ అచ్చయ్యే కరపత్రం. మొదటిదానిలో మనిషి దేవుడౌతాడు. రెండవదానిలో, దాన్ని అచ్చు వేయించినది ఎవరన్నదాన్ని బట్టి దేవుడో దయ్యమో అవుతాడు. ఈ రెంటికీ నడుమ, ఆ మనిషి ఎప్పుడెప్పుడు ఓటర్ల ముందు నిలబడ్డాడు, ఏ గాలిలో గెలిచాడు, ఏ గాలిలో ఓడాడు, గెలిచి ఏం చేశాడు అని తీరికగా చూసే అలవాటు మనకు తక్కువ. గంటి మోహనచంద్ర బాలయోగి విషయంలో ఆ పని చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కోనసీమవాణ్ణి కనుక నాకు ఆయనపై అభిమానం లేదని చెప్పను. అది లెక్కకు అడ్డు రాకుండా చూసుకుంటానని మాత్రం మాట ఇస్తాను.

బాలయోగి పేరు వినగానే ఎవరికైనా రెండు తేదీలు గుర్తుకు వస్తాయి. మొదటిది 1999 ఏప్రిల్ 17, వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజు. రెండవది 2002 మార్చి 3, ఆయన ప్రయాణిస్తున్న హెలికాప్టరు కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిన రోజు. ఈ రెండు తేదీలూ మిగిలిన జీవితాన్ని కప్పివేశాయి. 1987 నుంచి 1999 వరకు పన్నెండేళ్ళలో ఆయన జీవితాన్ని మలిచిన ఎన్నికలు ఆరు. ఒకటి జిల్లా పరిషత్తుకు, ఒకటి శాసనసభకు, నాలుగు లోక్‌సభకు. అయిదింట గెలుపు, ఒకదానిలో ఓటమి. ఆ ఒక్క ఓటమి లేకపోతే తరువాతి కథ ఎలా ఉండేదో చెప్పలేము. అందుకే ఆరింటినీ వరుసగా చూడటం అవసరం.

నదుల నడుమ నియోజకవర్గం

కోనసీమ గురించి రెండు మాటలు చెప్పకుండా ఈ కథ చెప్పలేను. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి, గౌతమికీ వసిష్ఠకూ మధ్య మిగిల్చిన లంక భూమి ఇది. మధ్యలో వైనతేయ దీన్ని మరొకసారి చీలుస్తుంది. ఆనకట్ట కట్టిన కాటన్ దొర కాలంలోనే గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటించి రాజోలు వైపు పొలాలకు నీళ్ళిచ్చారు. అంటే నీళ్ళు నదిని సులువుగా దాటాయి. మనుషులే ఆ తరువాత కూడా చాలాకాలం రేవుల దగ్గర పంటు కోసం, పడవ కోసం కాచుకొని ఉండిపోయారు. కొబ్బరి, వరి, కాలువలు చూసి బయటివాళ్ళు దీన్ని స్వర్గమంటారు. ఆ పచ్చదనంలో భూమి ఎవరిది, కూలి ఎవరిది అన్న ప్రశ్న మాత్రం ఇక్కడ ఎప్పుడూ ఉన్నదే.

అమలాపురం లోక్‌సభ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వయినది. 1962, 1967, 1971లలో కాంగ్రెసు తరఫున బయ్యా సూర్యనారాయణ మూర్తి గెలిచారు. 1977లోనూ 1980లోనూ కుసుమ కృష్ణమూర్తి గెలిచారు. 1984 తెలుగుదేశం గాలిలో ఎ.జె.వి.బి. మహేశ్వరరావు గెలవగా, 1989లో సీటు మళ్ళీ కృష్ణమూర్తికి వచ్చింది. రిజర్వుడు స్థానాల రాజకీయంలో ఒక చిక్కు ఉంది. అభ్యర్థి దళితుడే, కాని ఓటర్లలో ఎక్కువమంది దళితులు కారు. టికెట్టు ఇచ్చే చేతులు, ఊళ్ళలో ఓట్లు వేయించే చేతులు చాలావరకు ఇతర కులాలవి. అందరికీ ఆమోదమైన మనిషిగా ఉండాలి, తనవాళ్ళకు పరాయివాడు కాకూడదు. ఈ రెంటినీ ఒకేసారి సాధించడం ఎంత కష్టమో అలాంటి నియోజకవర్గాలలో పుట్టి పెరిగినవాళ్ళకే తెలుస్తుంది.

ఈ నేల మరొక విధంగా కూడా సారవంతమైనదే. బోయి భీమన్న గారిది రాజోలు వైపు మామిడికుదురు. పాలేరు కొడుకు పాలేరు కానక్కరలేదని, చదువుకుని అధికారి కావచ్చునని ఆయన 'పాలేరు' నాటకం ఊరూరా చెప్పింది. ఆ మాట నిజమేనని చూపించిన తరంలోనివాడు బాలయోగి.

మేజిస్ట్రేటు ఉద్యోగం వదిలిన మనిషి

గౌతమి ఒడ్డున, ఐ. పోలవరం మండలంలో ఎదుర్లంక ఆయన స్వగ్రామం. నది ఆవలి ఒడ్డున యానాం. ఆ ఒడ్డు 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. 1951 అక్టోబరు 1న పుట్టిన బాలయోగి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకొని, న్యాయశాస్త్రం పూర్తిచేసి, 1980లో కాకినాడలో వకీలుగా పని మొదలుపెట్టారు. 1985లో ఫస్టు క్లాసు మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు. లంక గ్రామం నుంచి వచ్చిన దళిత యువకుడికి ఆ రోజుల్లో అది చిన్న ఉద్యోగం కాదు. నెల తిరిగేసరికి జీతం, జీవితాంతం భద్రత, ఊళ్ళో అందరూ లేచి నిలబడే హోదా. దాన్ని కొద్దికాలానికే వదిలి తిరిగి వకీలు వృత్తికి వచ్చేశారు. 1986లో కాకినాడ సహకార టౌను బ్యాంకుకు ఉపాధ్యక్షులయ్యారు. ప్రజా జీవితంలోకి తొలి అడుగులు అవి.

ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టినది 1982 మార్చి 29న. ఆ పార్టీ గురించి ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, అంతవరకు రాజకీయాలతో వంశపారంపర్య సంబంధం లేని వకీళ్ళను, డాక్టర్లను, లెక్చరర్లను పెద్ద సంఖ్యలో చట్టసభలకు తెచ్చిందన్నది కాదనలేని విషయం. సమితులు పోయి మండలాలు వచ్చాయి. 1986 నాటి చట్టం ప్రకారం 1987లో మండలాధ్యక్షులను, జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షులను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ఆ ఎన్నికలలో బాలయోగి తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షులయ్యారు.

ఆ ఎన్నిక ప్రాధాన్యాన్ని మనం ఇప్పుడు మరచిపోయాము. నేటి పద్ధతిలో జిల్లా పరిషత్తు అధ్యక్షుణ్ణి సభ్యులు ఎన్నుకుంటారు, క్యాంపు రాజకీయాలు నడుస్తాయి. అప్పుడు అలా కాదు. తుని నుంచి అంతర్వేది దాకా, మన్యం నుంచి సముద్రం దాకా ఉన్న జిల్లా అంతా ఒకే నియోజకవర్గం. ఒక లోక్‌సభ స్థానం కంటే అది పెద్దది. ముప్పయ్యయిదేళ్ళ వకీలు జిల్లా అంతా తిరిగి ఓట్లు అడిగి గెలిచాడు. తరువాతి ఎన్నికలలో ఆయనకు అక్కరకు వచ్చిన పరిచయాలు, ఊళ్ళ పేర్లు, రోడ్ల లెక్కలు అక్కడ సంపాదించినవే అయివుంటాయని నా నమ్మకం.

1991: ఎదురుగాలిలో గెలుపు

1989 ఎన్నికలలో తెలుగుదేశం చిత్తుగా ఓడింది. రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాలలో కాంగ్రెసుకు 39 వచ్చాయి. తెలుగుదేశానికి దక్కినవి రెండే. రెండేళ్ళకే మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. రాష్ట్రంలో అధికారం కాంగ్రెసుదే. 1991లో కాంగ్రెసుకు 25, తెలుగుదేశానికి 13. ఆ పదమూడింటిలో అమలాపురం ఒకటి. బాలయోగి మొదటిసారి లోక్‌సభలో అడుగుపెట్టారు.

ఆ అయిదేళ్ళలో కోనసీమను కుదిపిన సంఘటన 1995 జనవరి 8న పాశర్లపూడిలో జరిగిన బ్లోఅవుట్. చమురు బావి నుంచి ఎగసిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. రాత్రిపూట చుట్టుపక్కల ఊళ్ళలో దీపం అక్కరలేదని చెప్పుకునేవారు. భూమి కింది గ్యాసును దేశమంతా వాడుకుంటుంది, పైన ఉన్నవాళ్ళకు రైలు లేదు, వంతెన లేదు అన్న కోనసీమ ఫిర్యాదుకు ఆ మంట వెలుగునిచ్చింది. ఆ ఫిర్యాదే తరువాత బాలయోగి రాజకీయానికి ముడిసరుకు అయింది.

1996: ఓడిన యేడు

1995 ఆగస్టులో తెలుగుదేశం రెండుగా చీలింది. చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు మరణించారు. ఆ వేసవిలో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో లక్ష్మీపార్వతి వర్గం వేరుగా పోటీచేసింది. తెలుగుదేశం ఓట్లు చీలి కాంగ్రెసుకు 22, తెలుగుదేశానికి 16 వచ్చాయి. అమలాపురంలో కాంగ్రెసు అభ్యర్థి కె.ఎస్.ఆర్. మూర్తి చేతిలో బాలయోగి ఓడిపోయారు.

రిజర్వుడు స్థానాలలో ఓడిన అభ్యర్థులకు సాధారణంగా రెండో అవకాశం ఉండదు. మళ్ళీ ఎన్నికలనాటికి పార్టీ మరొక పేరు వెతుక్కుంటుంది. ఇక్కడ మాత్రం అలా జరగలేదు. అదే ఏడాది ముమ్మిడివరం శాసనసభ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో పార్టీ ఆయననే నిలబెట్టింది. ఆయన గెలిచారు. ఎదుర్లంక ఆ నియోజకవర్గంలోనిదే. గెలిచాక చంద్రబాబు మంత్రివర్గంలో ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. లోక్‌సభకు ఓడిన కొద్ది నెలలకే రాష్ట్ర మంత్రి కావడం చూస్తే, పార్టీకి ఆయన అవసరం ఒక టికెట్టుకు మించినదని తెలుస్తుంది.

ఆ ఏడాది నవంబరు 6 రాత్రిని కోనసీమ మరచిపోదు. కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ళ మత్స్యకారులు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. తరతరాలు ఆదరువైన కొబ్బరి చెట్లు వరుసలుగా నేలకొరిగాయి. కొత్త మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది కనుక, ఆ నష్టం ఒక పంట నష్టం కాదు, ఒక తరం ఆదాయం. దెబ్బతిన్న తీరంలో ఎక్కువ భాగం ముమ్మిడివరం నియోజకవర్గమే. తన ఓటర్ల శవాలు ఒడ్డుకు కొట్టుకువస్తుంటే చూసిన మంత్రి ఆయన. పదిహేను నెలల తరువాత అదే జనం ముందుకు మళ్ళీ ఓటు అడగడానికి వెళ్ళారు.

1998: చివరి క్షణంలో వచ్చిన పేరు

1998 ఎన్నికలలో తెలుగుదేశానికి రాష్ట్రంలో వచ్చినవి 12 స్థానాలు. కాంగ్రెసుకు 22, భారతీయ జనతా పార్టీకి 4. తెలుగుదేశానికి సీట్లు తగ్గిన ఆ ఎన్నికలోనే బాలయోగి అమలాపురాన్ని తిరిగి గెలుచుకున్నారు. ఢిల్లీలో ఎవరికీ మెజారిటీ రాలేదు. యునైటెడ్ ఫ్రంటుకు కన్వీనరుగా ఉన్న చంద్రబాబు అటు నుంచి ఇటు జరిగారు. మార్చి 19న ప్రమాణస్వీకారం చేసిన వాజ్‌పేయికి ఆ పన్నెండు ఓట్లు ప్రాణవాయువు.

సభాపతి పదవికి ప్రతిపక్షం పి.ఎ. సంగ్మా పేరు తెచ్చింది. అంతకుముందు సభలో ఆయన పేరుపొందిన స్పీకరు. అధికారపక్షం నుంచి చివరి క్షణంలో వచ్చిన పేరు బాలయోగి. మార్చి 24న మూజువాణి ఓటుతో ఎన్నికయ్యారు. నాలుగు రోజుల తరువాత వాజ్‌పేయి విశ్వాస పరీక్షలో 274కు 261 ఓట్లతో గట్టెక్కారు.

ఇది బేరమేనా? నిస్సందేహంగా బేరమే. మద్దతుకు బదులుగా పదవి. దాన్ని దాచవలసిన అవసరం నాకు కనబడదు, సంకీర్ణ రాజకీయాల్లో అది సహజం. అయితే ఆ బేరంలో ముందుకు వచ్చిన మనిషి ఎవరు? లోక్‌సభ స్పీకరు పీఠం మీద కూర్చున్న తొలి దళితుడు. ఒక ప్రాంతీయ పార్టీ నుంచి వచ్చిన తొలి స్పీకరు. అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి తరువాత మన రాష్ట్రం నుంచి మూడవవాడు. అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది కె.ఆర్. నారాయణన్. దేశానికి రాష్ట్రపతీ, లోక్‌సభకు సభాపతీ ఇద్దరూ దళితులైన కాలం అది. బేరం నుంచి పుట్టినంత మాత్రాన ఆ సంగతి విలువ తగ్గదు.

ఏప్రిల్ 17

ఇక అసలు తేదీకి వద్దాము. 1999 ఏప్రిల్‌లో జయలలిత మద్దతు ఉపసంహరించుకున్నారు. రాష్ట్రపతి విశ్వాసం నిరూపించుకోమన్నారు. కోరాపుట్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ ఫిబ్రవరిలో ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యారు గాని లోక్‌సభకు రాజీనామా చేయలేదు. ఓటు వేయడానికి సభకు వచ్చారు. అధికారపక్షం అభ్యంతరం చెప్పింది. నిర్ణయం బాలయోగి చేతిలోకి వచ్చింది.

చట్టం ఏం చెబుతుంది? పార్లమెంటులోనూ శాసనసభలోనూ ఒకేసారి సభ్యుడుగా ఉండటానికి వీలులేదు. గమాంగ్ ఇంకా శాసనసభ్యుడు కాలేదు. సభ్యుడు కాకుండానే ఆరు నెలలు మంత్రిగా ఉండవచ్చునని రాజ్యాంగం 164వ అధికరణం చెబుతుంది. కనుక అక్షరం ప్రకారం ఆయన లోక్‌సభ సభ్యుడే. సభ్యుణ్ణి ఓటు వేయవద్దనే అధికారం స్పీకరుకు ఎక్కడిది? బాలయోగి ఆ విషయాన్ని గమాంగ్ అంతరాత్మకు వదిలివేశారు. గమాంగ్ ఓటు వేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270.

అప్పటి నుంచి ఆ నిర్ణయం మీద రెండు వాదాలు నడుస్తున్నాయి. ప్రభుత్వాన్ని పడగొట్టిన స్పీకరని ఒక వాదం. ధైర్యం లేక బాధ్యతను సభ్యుడి నెత్తిన వేశాడని మరొకటి. రెండూ ఒక చిన్న కూడికను విస్మరిస్తున్నాయని నాకు అనిపిస్తుంది. గమాంగ్ ఓటును తీసివేస్తే మిగిలేది 269కి 269. సమానమైతే రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం నిర్ణాయక ఓటు స్పీకరుదే. ఆయన పార్టీ ప్రభుత్వం వైపు ఉంది. అంటే, చట్టంలో లేని అధికారాన్ని తెచ్చుకొని ఒక ప్రతిపక్ష సభ్యుణ్ణి ఆపి, ఆ పైన తన ఓటుతో తన పార్టీ బలపరిచే ప్రభుత్వాన్ని నిలబెట్టిన స్పీకరుగా ఆయన చరిత్రలో మిగిలేవారు. లేదా అదే ఓటుతో ప్రభుత్వాన్ని పడగొట్టినవారుగా మిగిలేవారు. ఫలితం ఇంత దగ్గరగా వస్తుందని ఆయనకు ముందుగా తెలిసే అవకాశం లేదు. కాని పోటీ నువ్వా నేనా అన్నట్లుందని సభలో అందరికీ తెలుసు. పార్టీ ప్రయోజనం ఎటు ఉందో కూడా తెలుసు. ఆ పరిస్థితిలో తన అధికారపు హద్దు దగ్గర ఆగిపోయిన మనిషిని ధైర్యం లేనివాడనడం నాకు సమంజసంగా తోచదు. అదే సభలో సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ నిర్ణయాన్ని కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ ఒక్క ఓటు గమాంగ్‌ది అని ఎంత అనవచ్చో సోజ్‌ది అని కూడా అంతే అనవచ్చు.

మేజిస్ట్రేటు ఉద్యోగాన్ని పద్నాలుగేళ్ళ క్రితం వదిలి వచ్చిన మనిషి, తన జీవితంలో అతి పెద్ద తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు చట్టం దాటి ఒక్క మాటా అనలేదు. నాకు ఆయన మీద గౌరవం కలిగించిన సంగతి అదే.

పార్టీ గుర్తు మీద పోటీచేసిన సభాపతి

1999లో ఆయన ఆరవ ఎన్నిక. సభ రద్దయినా కొత్త సభ కొలువు తీరేదాకా స్పీకరు పదవిలోనే ఉంటాడన్నది రాజ్యాంగ నియమం. కాబట్టి బాలయోగి సభాపతిగా ఉంటూనే సైకిలు గుర్తు మీద అమలాపురంలో ఓట్లు అడిగారు. ఇంగ్లండులో స్పీకరు తన పార్టీకి రాజీనామా చేస్తాడు, ప్రధాన పక్షాలు సాధారణంగా ఆయన మీద పోటీ పెట్టవు. మన దగ్గర సంజీవరెడ్డి 1967లో స్పీకరు కాగానే కాంగ్రెసుకు రాజీనామా చేశారు. ఆ సంప్రదాయం నిలబడలేదు. ఫిరాయింపుల చట్టం స్పీకరుకు పార్టీని వదిలే వెసులుబాటు ఇచ్చింది గాని, బాలయోగి దాన్ని వాడుకోలేదు. ఇది ఆయన మీద నిలిచే విమర్శ. అయితే పార్టీని వదిలిన స్పీకరుకు వచ్చే ఎన్నికలలో సీటు ఎవరిస్తారన్న ప్రశ్న కూడా ఉంది. వెనక భూమీ బంధువర్గమూ ఉన్న నాయకుడికి పార్టీ లేకపోయినా నడవవచ్చు. రిజర్వుడు స్థానం నుంచి వచ్చిన మొదటి తరం నాయకుడికి అది అంత సులువు కాదు.

ఆ ఎన్నికలలో తెలుగుదేశానికి 29, మిత్రపక్షమైన భాజపాకు 7, కాంగ్రెసుకు 5 స్థానాలు వచ్చాయి. 1999 అక్టోబరు 22న ఆయన ఏకగ్రీవంగా స్పీకరయ్యారు. ఏడాదిన్నర క్రితం వివాదం మధ్య పీఠమెక్కిన మనిషికి ఇప్పుడు ప్రతిపక్షం కూడా పోటీ పెట్టలేదు. ఏప్రిల్ 17 నాటి తీర్పు మీద వచ్చిన తీర్పుగా దీన్ని చదవవచ్చునని నా అభిప్రాయం.

రెండవ దఫాలో ఆయన చేసిన పనులు పత్రికలకు అంత రుచించేవి కావు. లోక్‌సభకు మొదటిసారిగా నైతిక విలువల సంఘాన్ని 2000 మే 16న ఏర్పాటు చేశారు. 2001 నవంబరు 25న చట్టసభలలో క్రమశిక్షణ, మర్యాదల మీద అన్ని రాష్ట్రాల సభాపతులను, ముఖ్యమంత్రులను, పార్టీల నాయకులను సమావేశపరిచారు. ఆ డిసెంబరు 5న సభ మధ్యలోకి దూసుకువచ్చే సభ్యులపై సస్పెన్షను దానంతటదే అమలయ్యే 374-ఏ నిబంధన చేరింది. మరి ఎనిమిది రోజులకు, డిసెంబరు 13న, పార్లమెంటు మీదనే ఉగ్రవాదులు దాడిచేశారు.

రైలు, వంతెన

సొంత నియోజకవర్గానికి ఏం చేశారన్నది ఓటరు అడిగే ప్రశ్న. ఎదుర్లంకకూ యానానికీ మధ్య గౌతమి మీద వంతెన వచ్చింది. ఆ వంతెనకు ఆయన పేరే పెట్టారు. కాకినాడ వెళ్ళాలంటే రావులపాలెం మీదుగా చుట్టు తిరగడమో, రేవు దగ్గర పంటు కోసం ఎదురుచూడడమో తప్పింది. కాన్పుకు వెళ్ళే తల్లికి, కాకినాడ కాలేజీలో చదివే పిల్లవాడికి ఆ వంతెన అంటే ఏమిటో లెక్కల్లో చెప్పలేము.

రైలు సంగతి వేరు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు మార్గం వేశారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీకి పట్టుకుపోయారు. ఆ మార్గాన్ని తిరిగి వేసి 2004లో రైలు నడిపారు. కోటిపల్లి గౌతమికి ఎడమ గట్టున ఉంది, ఆవలి ఒడ్డున ముక్తేశ్వరం, అంటే కోనసీమ. అక్కడి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల కొత్త మార్గం 2000-01 రైల్వే బడ్జెటులో మంజూరయింది. బాలయోగి స్పీకరుగా ఉన్న కాలం అది. మూడు నదుల మీద మూడు వంతెనలు కావాలి. ఆయన పోయి ఇరవైయేళ్ళు దాటిన తరువాత కూడా ఆ రైలు అమలాపురం చేరలేదు. గౌతమిలో స్తంభాలు లేచాయి, అంచనా వ్యయం ఎన్నో రెట్లు పెరిగింది. ప్రతి ఎన్నికలోనూ ప్రతి పార్టీ ఆ రైలును వాగ్దానం చేస్తూనే ఉంది. పదవిలో ఒక మనిషి ఉండటం వలన పని మంజూరు కావచ్చు. ఆ మనిషి లేకపోతే ఆగిపోయే పనిని ప్రాంతపు హక్కుగా మార్చుకోలేకపోవడం మన అందరి వైఫల్యం.

ఆ తరువాత

2002 మార్చి 3, ఆదివారం. భీమవరం నుంచి హైదరాబాదుకు బయలుదేరిన హెలికాప్టరు కైకలూరు దగ్గర కొవ్వాడలంక చేపల చెరువులో కూలింది. బాలయోగితోపాటు పైలటు, అంగరక్షకుడు మరణించారు. ఆయన వయసు 50. ఆ మే 10న మనోహర్ జోషి స్పీకరయ్యారు. అమలాపురం ఉప ఎన్నికలో ఆయన సతీమణి విజయకుమారి గెలిచి 2004 దాకా సభ్యురాలుగా ఉన్నారు. 2004లోనూ 2009లోనూ కాంగ్రెసు నుంచి జి.వి. హర్షకుమార్, 2014లో తెలుగుదేశం నుంచి పండుల రవీంద్రబాబు గెలిచారు. 2019లో బాలయోగి కుమారుడు హరీష్ మాథుర్ మొదటిసారి పోటీచేసి చింతా అనురాధ చేతిలో ఓడిపోయారు. 2024లో రాపాక వరప్రసాదరావుపై మూడు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. తండ్రికి ఓటమి రెండవ లోక్‌సభ పోటీలో వచ్చింది, కొడుక్కు మొదటిదానిలోనే వచ్చింది. 2024 జూన్‌లో పదహారు మంది సభ్యులతో తెలుగుదేశం మళ్ళీ ఢిల్లీ ప్రభుత్వానికి ఊతమైనప్పుడు, స్పీకరు పదవి చర్చలో బాలయోగి పేరు ఇరవై రెండేళ్ళ తరువాత పత్రికలకెక్కింది.

ఈ వరుసలోకి రాని మరొక తేదీ ఉంది, 2022 మే 24. ఆ ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. దానికి అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద అమలాపురంలో జరిగిన అల్లర్లలో ఒక మంత్రి ఇల్లూ, ఒక శాసనసభ్యుడి ఇల్లూ తగలబడ్డాయి. ఆ ఏడాదే జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. అల్లర్ల వెనుక ఎవరున్నారన్నది న్యాయస్థానాల పని. కాని ఒక ప్రశ్న నన్ను వదలలేదు. అంబేద్కర్ రాసిన రాజ్యాంగం కింద, ఆ రాజ్యాంగం ఇచ్చిన రిజర్వుడు స్థానం నుంచి, అన్ని కులాల ఓట్లతో నాలుగింట మూడుసార్లు ఒక దళితుణ్ణి లోక్‌సభకు పంపి, ఆయన సభాపతి అయితే మావాడని చెప్పుకుని, ఆయన పోతే ఊళ్ళకు ఊళ్ళు తరలివెళ్ళి కన్నీరు పెట్టిన నేల ఇది. వంతెనకు ఆయన పేరు పెడితే అభ్యంతరం చెప్పని నేల. జిల్లాకు అంబేద్కర్ పేరు అనగానే మంటలు ఎందుకు లేచాయి?

నాకు తోచిన సమాధానం ఒకటే. ఒక మంచి మనిషిని ప్రేమించడం వేరు, ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో దాన్ని ఒప్పుకోవడం వేరు. బాలయోగిని కోనసీమ అంతా ప్రేమించింది. ఆయన నవ్వును, మృదువైన మాటను, అందరి ఇళ్ళకూ వెళ్ళే మనస్సును ప్రేమించింది. ఆయన ఎన్నిక వెనుక ఉన్న హక్కును మాత్రం అంత సులువుగా ఒప్పుకోలేదు. ఆరు ఎన్నికలలో ఆయన చేసినది ఈ రెంటి మధ్య దూరాన్ని తగ్గించడం. పూర్తిగా చెరిపివేయడం ఒక మనిషి వల్ల, ఒక జీవితకాలంలో, అందునా యాభయ్యేళ్ళకే ముగిసిన జీవితంలో అయ్యే పని కాదు.

కొత్త పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని ప్రేక్షాగారానికి, హైదరాబాదు గచ్చిబౌలిలోని క్రీడాప్రాంగణానికి ఆయన పేరుంది. ఎదుర్లంక వంతెన మీద రోజూ వేల బండ్లు తిరుగుతున్నాయి. కోటిపల్లి దగ్గర గౌతమిలో నిలబడి ఉన్న రైలు వంతెన స్తంభాలకు మాత్రం ఇంకా ఎవరి పేరూ లేదు. రైలు వచ్చిన రోజున పేరు గురించి తగవు పడవచ్చు. ముందు రైలు రానివ్వండి.